పక్కింటి వరండాలో తూర్పు దర్వాజ

ఆగండి. పేజీ తిప్పేయకండి, ఒక్క నిమిషం ఆగి వినండి. పోయిన వారం మనం తిమ్మప్పను మూడో అంతస్తులో ఒక తాళం ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

గుర్తుంది కదా. తిమ్మప్పది నారాయణపేట. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేవక ముందు, ఇక్కడ బండలూ తుప్పలూ ఉన్న రోజుల నుంచీ ఇళ్ళ బేరాలే ఆయన పని. ఊరంతా ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మెలో ఉండగా, బస్సుల్లేక, ఆఫీసుల్లేక, రోజుకో బందు నడుస్తుండగా కూడా ఒక బేరం కుదిర్చాడు. అమ్మేది వెంకటరామయ్య. గుంటూరు వైపు నుంచి ప్రభుత్వ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. కొనేది గజ్వేల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన లచ్చమ్మ, ఆమె కూతురు శ్రీలత. శ్రీలత సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. తల్లీ కూతుళ్ళిద్దరూ బోరబండలో కిరాయికి ఉంటున్నారు, ఆ ఇంటి ఓనరు దసరాకల్లా ఖాళీ చేయమన్నాడు. పితృపక్షాలు పోయాయి, బతుకమ్మ పాటలు మొదలయ్యాయి, ఇవాళ మంచిరోజు, బయానా అడ్వాన్సు ఇచ్చేద్దామని అందరూ బయల్దేరారు. తీరా పైకొచ్చి చూస్తే ఇంటి ముందున్న వరండా గ్రిల్లుకు కొత్త తాళం.

అమ్మేవాళ్ళు లోపల, కొనేవాళ్ళు బయట.

లచ్చమ్మ చేతిలో స్టీలు పళ్ళెం ఉంది. పసుపు, కుంకుమ, టెంకాయ, తమలపాకులు, వాటి మీద కొంగు కప్పింది.

"ఏందన్నా గిది," అంది తిమ్మప్పతో. "వాళ్ళు కటకటాల లోపట, మనం బయట. బయానాకు తీస్కొచ్చినవా, ములాఖత్‌కు తీస్కొచ్చినవా?"

శ్రీలత మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. తిమ్మప్పకు నవ్వు రాలేదు. తాళాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ఒకసారి గట్టిగా గుంజి చూశాడు. గుంజితే ఊడొచ్చే తాళం కాదది.

గ్రిల్లు లోపల పొడుగాటి వరండా. వరండా చివర ఒక తలుపు, మూసి ఉంది. ఎడమ పక్క గోడకు ఇంకో తలుపు, మామిడాకుల తోరణం కట్టి ఉంది. అది వెంకటరామయ్య ఇల్లు. ఆ గుమ్మంలో ఆయన భార్య రత్నమాల పట్టుచీర కట్టుకుని నిలబడింది.

"రండి వదినగారూ, రండి," అని లచ్చమ్మను పిలిచేసి, నాలుక్కరుచుకుంది. "చూడండి నా మతి. రమ్మంటున్నాను, మీరెట్లా వస్తారు."

వెంకటరామయ్య ఫోన్ చెవికి పెట్టుకుని వరండాలో పచార్లు చేస్తున్నాడు. "ఎత్తడం లేదండీ ఆయన. పొద్దుటి నుంచీ ఇదే వరస."

"ఎవరు సార్ ఎత్తనిది?"

"రంగనాథ్ గారు. పక్కింటాయన."

"పక్కింటాయనతోటి మనకేం పని? వాచ్‌మన్ను పిలిస్తే అయిపాయె. మారు తాళంచెవి ఉంటది కద."

వెంకటరామయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"అంకుల్," అంది శ్రీలత మెల్లగా. "ఈ గ్రిల్లు ఎవరిది?"

"బిల్డింగుది బిడ్డా."

"కాదేమో అంకుల్. కింద రెండు ఫ్లోర్లు చూసుకుంటూ వచ్చాను. ఇదే ప్లేసులో వాళ్ళకూ గ్రిల్లుంది, కానీ లోపల ఒక్క డోరే ఉంది. ఇక్కడ మాత్రం రెండున్నాయి."

టెస్టింగ్ చేసే పిల్ల కదా. తిమ్మప్ప గ్రిల్లు వంక చూశాడు, తోరణం కట్టిన తలుపు వంక చూశాడు, ఆఖరికి వెంకటరామయ్య వంక చూశాడు. ఆయనింకా కళ్ళజోడే తుడుస్తున్నాడు.

చెప్పింది రత్నమాల. దాచాలని ఆమెకు తోచనే లేదు.

"మా అసలు గుమ్మం ఇటు కాదండి. దక్షిణం. మీరు నిలబడ్డ మెట్ల వైపే ఉండేది. అదిగో, హాల్లో షోకేసు పెట్టాం చూడండి, దాని వెనకాల గోడ కట్టి మూసేశాం. ఇల్లు కొన్న కొత్తలో ఈయనకు ప్రమోషన్ రాలేదు, నాకు ఒంట్లో బాగుండేది కాదు. వాస్తు సిద్ధాంతి వచ్చి, దక్షిణపు గుమ్మం మూసి తూర్పు తెరవమన్నాడు. తూర్పంటే ఈ గోడే. గోడ అవతల రంగనాథ్ అన్నయ్యగారి వరండా. భయంభయంగా వెళ్ళి అడిగితే, పగలగొట్టుకోండమ్మా, మీరు నడిస్తే నా వరండా అరుగుతదా అన్నారు. గ్రిల్లు తాళంచెవి కూడా ఒకటి చేయించి ఇచ్చారు."

"అంటే ఈ వరండా..."

"ఆయనదేనండి. ఆయన ఫ్లాటుతో పాటు ఆయన కొనుక్కున్నదే."

ఇక్కడ తిమ్మప్ప గురించి ఒక సంగతి చెప్పాలి. ఏ ఇంటికైనా పార్టీని తీసుకొచ్చే ముందు ఆయన ఒంటరిగా ఒకసారి వస్తాడు. వచ్చి, అమ్మే ఇంటి తలుపు కొట్టడు, పక్కింటి తలుపు కొడతాడు. మంచినీళ్ళడిగి, కూర్చుని, నల్లా ఏ పూట వస్తుంది, మోటరు ఎవరు వేస్తారు, పైఇంటి బాత్రూమ్ కారుతుందా, ఎవరికెవరికి పడదు, అన్నీ మాటల్లో రాబట్టుకుంటాడు. "అమ్మెటోడు ఇల్లు సూపిస్తడు, పక్కింటోడు ఇంటి సంగతి చెప్తడు" అనేది ఆయన మాట. ఆ అలవాటు వల్ల ఎంతమంది కొనేవాళ్ళు మునగకుండా బయటపడ్డారో. ఈ ఇంటికి కూడా వచ్చాడు. రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ రంగనాథ్ ఇంటికి తాళం. ఆయన జూనియర్ కాలేజీ లెక్చరర్, సమ్మెలో ఉన్నాడు, పొద్దస్తమానం చౌరస్తాలో దీక్షా శిబిరంలోనే. పోనీలే, చదువుకున్న సార్లిద్దరి ఇళ్ళు, వీటిలో ఏం పేచీ ఉంటుందని తిమ్మప్ప మూడోసారి రాలేదు.

ఆ రాని మూడోసారి ఇప్పుడు తాళమై వేలాడుతోంది.

"నాకు ముందుగాల ఎందుకు చెప్పలే సార్?"

"దాచాలని కాదండీ," అన్నాడు వెంకటరామయ్య. "రోజూ ఇటే వచ్చి ఇటే పోతుంటే, ఇది మనది కాదన్న సంగతే మర్చిపోయాం."

తిమ్మప్ప మెట్ల మీద కూలబడ్డాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఇక ఆగలేదు.

"పక్షాలన్నరు, ఆగిన. సమ్మె అన్నరు, ఆగిన. రైల్ రోకో అన్నరు, గది అయిపోయేదాక ఆగిన. రిజిస్ట్రేషన్ ఆఫీసుల మనిషి లేడంటే, ముందు బయానా చేస్కుందాం, ఆఫీసు తెరిచినంక సంతకాలు చేస్కుందామని అందరి కాళ్ళు పట్టుకుని ఒప్పిచ్చిన. ఇగ ఇంటికే దర్వాజ లేదంటే నేనేడికి పోవాలె? ఇంత సర్వీసుల దర్వాజ లేని ఇల్లు అమ్మింది లేదు."

"దర్వాజ ఉంది కదన్నా, దక్షిణం," అంది లచ్చమ్మ. అంతలోనే తల అడ్డంగా ఊపింది. "వద్దు వద్దు. దక్షిణం వాకిలైతే నాకొద్దు. గసొంటి ఇంట్లనే మా ఆయన పోయిండు. తూర్పు వాకిలని ఒకటికి పదిసార్లు అడిగితే, నువ్వే కద అవునంటివి."

"అంటిని చెల్లె. కండ్ల ముందట తోరణం కనబడుతుంటే కాదని ఎట్లంటా?"

కింద నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. చేతిలో మడత పెట్టిన పేపరుతో, నినాదాలిచ్చి ఇచ్చి బొంగురుపోయిన గొంతుతో రంగనాథ్ పైకొచ్చాడు. మెట్ల మీద తిమ్మప్పను, పళ్ళెం పట్టుకున్న లచ్చమ్మను, గ్రిల్లు లోపల వెంకటరామయ్యను వరసగా చూశాడు.

"తాళం నేనే వేసిన," అన్నాడు, ఎవరూ అడగకముందే.

మాదాపూర్‌లో తిమ్మప్పను తెలియనివాళ్ళు లేరు, చౌరస్తా మైకులో రంగనాథ్‌ను విననివాళ్ళూ లేరు. తిమ్మప్ప లేచి దండం పెట్టాడు. "నమస్తే సార్. జర తీయుండ్రి. మళ్ళ వర్జ్యం వస్తది."

"బయానా అంట కద."

"అవును సార్. మీరు కూడ కూసోని నాలుగు అక్షింతలు వేస్తే..."

"నేనైతే తాళం తియ్యను."

రంగనాథ్ ఈ మాట గట్టిగా అనలేదు. అందుకే తిమ్మప్పకు భయమేసింది. గట్టిగా అరిచేవాళ్ళను దారికి తేవడం ఆయనకు వచ్చు.

లచ్చమ్మ ముందుకొచ్చింది. "సారూ, మేం గజ్వేలోళ్ళం. మనోళ్ళమే. నా బిడ్డ కూడ మొన్న కంపెనీ ముందట మానవహారంల నిలబడ్డది. గింత నడిచే జాగ ఇయ్యవా మాకు?"

"మనోళ్ళని చూసి ఇచ్చేది కాదమ్మా గది. ఆయనకు ఇచ్చిననాడు నీది ఏ జిల్లా అని అడిగి ఇయ్యలే." రంగనాథ్ తిమ్మప్ప వైపు తిరిగాడు. "ఇను తిమ్మప్పా. వెంకటరామయ్య ఉన్నన్ని దినాలు ఈ వరండా ఆయనది. ఆయన అమ్మిండంటే నా వరండా నాకు. కొన్నోళ్ళు గోడ పెట్టుకుంటరో, కిటికీల కెల్లి దుంకుతరో వాళ్ళ ఇష్టం."

"అంటే ఆయన అమ్మొద్దంటవా?"

"నేనేం అంటలే. నా తాళం నేనేసుకున్న."

తిమ్మప్పకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేం తీరు సార్? దినాం చౌరస్తాల మైకు పట్టుకుని మాట్లాడేది నువ్వే. ఈడ ఆయన పోతనంటే పోనియ్యనిది నువ్వే. ఒక్కటన్న చెప్పు, పోవాల్నా, ఉండాల్నా?"

"మైకుల నేను రాష్ట్రం అడిగిన," అన్నాడు రంగనాథ్. "మా కొలువులు అడిగిన, మా నీళ్ళు అడిగిన. నా పక్కింటోడు ఇల్లు అమ్ముకొని పోవాలని ఏనాడన్న అడిగిన్నా? ఆయన పోతున్నడని నాకెవరు చెప్పిన్రో తెలుసా? ఇస్త్రీ చేసే ఆమె. బట్టలు తెచ్చుకుందామని పోతే, మీ పక్కింటోళ్ళు ఇల్లు అమ్మిన్రంట కద సార్ అంటది. ఒకే వరండాల నడుస్తం. నాకు గా ముచ్చట ఇస్త్రీ బండి కాడ తెలవాల్నా?"

కింది అంతస్తులో ఎవరింట్లోనో కుక్కర్ విజిలేసింది.

వెంకటరామయ్య కళ్ళజోడు పెట్టుకుని గ్రిల్లు దగ్గరకొచ్చాడు. "మీరు అడగలేదండి," అన్నాడు. "నిజమే. పొమ్మని మీరెప్పుడూ అనలేదు. మీ పక్కన కూర్చున్నవాళ్ళన్నారు. నేను ఆఫీసుకు పోతుంటే, నన్ను చూసి, వినపడేట్టుగానే అన్నారు. మీరక్కడే ఉన్నారు. మైకు మీ చేతిలోనే ఉంది."

"నేను సూడలే, రామయ్యా."

"చూశారండి. చూసి, పేపరు అడ్డం పెట్టుకున్నారు."

రంగనాథ్ చేతిలో మడత పెట్టిన పేపరుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. పైకి ఎక్కేటప్పుడు ఉన్న మనిషి కాదిప్పుడు. జేబులోంచి తాళంచెవి తీసి, ఎవరి వంకా చూడకుండా తాళం తీశాడు.

అందరూ లోపలికి నడిచారు. రంగనాథ్ కూడా వచ్చాడు. ఎవరూ కూర్చోమనకముందే కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చున్నాడు. అది ఆయన కుర్చీ అని చూడగానే తెలిసిపోతోంది. లచ్చమ్మ పళ్ళెం టీపాయ్ మీద పెట్టింది. శ్రీలత కళ్ళు మాత్రం షోకేసు మీదే ఉన్నాయి. బొమ్మలు, మెమెంటోలు, ఫ్యామిలీ ఫోటో, వాటి వెనకాల మూసేసిన దక్షిణం.

"సరే తిమ్మప్పా," అన్నాడు రంగనాథ్. "దారి రాసిస్త. ఈ అమ్మకు, ఆమె బిడ్డకు, వాళ్ళ తర్వాత వచ్చెటోళ్ళకు కూడ చెల్లేటట్టు రాసిస్త. కని ఒక్క మాట మీద."

"చెప్పుండ్రి సార్." తిమ్మప్ప ప్రాణం లేచొచ్చింది.

"రామయ్య భయంతోటి పోతలేడు, ఇష్టంతోటే పోతున్నడని నువ్వు నాకు చెప్పాలె. నేను ఆయనను అడగ. ఆయన మొహమాటం మనిషి, టీల ఉప్పు వేసిచ్చినా బాగుందంటడు. నువ్వు ఇండ్లు అమ్మెటోళ్ళను ఎంతమందిని చూసినవో. ఎవరు మనసుతోటి అమ్ముతున్నరో, ఎవరు ఏడ్చుకుంట అమ్ముతున్నరో నీకు తెలుస్తది. నువ్వు ఇష్టమే అన్నవనుకో, గిప్పుడే, గీ పళ్ళెం ముందట సంతకం పెడ్త."

తిమ్మప్పకు ఇది చాలా చిన్న విషయంలా కనిపించింది. వెంకటరామయ్యే స్వయంగా తన ఆఫీసుకొచ్చి, "త్వరగా చూడండి తిమ్మప్ప గారూ, ఇక ఇక్కడ ఉండలేం" అని బతిమాలాడు. ఇంకేం కావాలి? నోరు తెరవబోతుండగా వంటింట్లోంచి రత్నమాల పిలిచింది.

"తిమ్మప్ప గారూ, ఒక్కసారి కప్పులందుకుంటారా?"

వెళ్ళాడు. ఆమె టీ వడగడుతోంది. సాసర్‌లోకి ఒలికినా చూసుకోలేదు.

"అది చూశారా," అంది గోడకున్న వాటర్ ఫిల్టర్ చూపించి. తళతళలాడుతోంది, మీద అంటించిన స్టిక్కర్ కూడా ఇంకా తీయలేదు. "నిన్న మనిషిని పిలిపించి కొత్తది బిగించారు మా ఆయన. వెళ్ళిపోయే ఇంటికి ఎవరైనా ఫిల్టర్ వేయిస్తారాండీ? నేనడిగితే, ఏమో, అలవాటుగా చెప్పేశాను అన్నారు."

తిమ్మప్ప కప్పుల ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అంటే సార్‌కు పోవాలని లేదా అమ్మా?"

"లేదు. ఒక్క పిసరు కూడా లేదు. గుంటూరు వెళ్తే రెండో రోజుకే ఇల్లు ఇల్లు అంటారు. ఆయనకు ఇల్లంటే ఇదే."

"మరి ఎందుకు అమ్ముతున్నరు?"

"నేనడిగాను కాబట్టి."

టీ కప్పుల్లో పోస్తూ, తిమ్మప్ప మొహం చూడకుండా చెప్పింది. "మా రసజ్ఞ ఇంటర్ చదువుతోంది. ఈ మాదాపూర్‌లోనే పుట్టింది. సమ్మె ముందు ఒకరోజు బస్సులో ఎవరో పిల్లలు మీది ఏ జిల్లా అనడిగారట. తిట్టలేదు, ఏమీ చేయలేదు, ఊరికే అడిగారు. ఇది వరంగల్ అని చెప్పిందట. ఇంటికొచ్చి, అమ్మా నేనెట్లా తప్పించుకున్నానో తెలుసా అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదండీ. నా కూతురు ఎక్కడి పిల్లో చెప్పుకోవడానికి అబద్ధం వెతుక్కుంటే, ఇక ఈ ఇల్లు తూర్పైతే ఏంటి, దక్షిణమైతే ఏంటి?"

"సార్‌కు తెలుసా?"

"తెలియదు. చెబితే ఆ కోపమంతా రంగనాథ్ అన్నయ్యగారి మీదకు పోతుంది. నాకు భయంగా ఉంది, వెళ్ళిపోదాం అన్నానంతే. నన్ను పిరికిదాన్ని అనకూడదని, ఆ భయం తనదేనని అందరికీ చెప్పుకుని తిరుగుతున్నారు ఆ మనిషి." ఆమె గొంతు తగ్గించింది. "ఆయన ఇష్టంతోనే వెళ్తున్నారని ఒక్క మాట అనేయండి తిమ్మప్ప గారూ. మీ మాటంటే అన్నయ్యగారికి నమ్మకం. మళ్ళీ ఇంకొకరు తూర్పు గుమ్మం అడుక్కుంటూ రావాలి, మళ్ళీ ఈ తాళం, మళ్ళీ ఈ గొడవ. నావల్ల కాదు. నేనూ మీ చెల్లెలి లాంటిదాన్నే అనుకోండి."

ఒక మాట. ఆ ఒక్క మాటకు వీళ్ళందరూ తననే ఎందుకు పట్టుకున్నారో తిమ్మప్పకు అర్థం కాలేదు. ఇల్లు చూపించమంటే చూపిస్తాడు. గోడలో చెమ్మ ఉంటే చెబుతాడు, లింకు దస్తావేజుల్లో లొసుగుంటే చెబుతాడు, కట్టినవాడు మోసగాడైతే మొహం మీదే చెబుతాడు. మనిషి మనసులో ఏముందో చెప్పమని ఇన్నేళ్ళలో ఏ పార్టీ అడగలేదు.

ట్రే పట్టుకుని హాల్లోకొచ్చాడు. రంగనాథ్ పెన్ను మూత తీసి ఎదురుచూస్తున్నాడు. వెంకటరామయ్య షోకేసులో ఒక బొమ్మ వంకరగా ఉంటే సరిచేస్తున్నాడు. సరిచేసి, ఒకడుగు వెనక్కేసి చూసుకుని, మళ్ళీ కొంచెం జరిపాడు. అమ్మేసే ఇంట్లో. శ్రీలత ఆయన్నే గమనిస్తోంది. అమ్మ చెవిలో ఏదో అంది. లచ్చమ్మ కూడా ఆయన వంక చూసింది, ఆ తర్వాత తిమ్మప్ప వంక చూసింది.

"అన్నా," అంది లచ్చమ్మ. "మా ఓనరు సామాను బయట పెడ్తనంటున్నడు. నాకు ఈ ఇల్లు కావాలె. కని ఏడ్చుకుంట ఇచ్చే ఇంట్ల నేను దీపం పెట్టలేను. సారు ఇష్టంతోటే ఇస్తున్నడా? నువ్వెట్లంటే గట్లనే."

"చెప్పు తిమ్మప్పా," అన్నాడు రంగనాథ్.

వంటింటి కర్టెన్ వెనకాల రత్నమాల పాదాలు కనిపిస్తున్నాయి. వెంకటరామయ్య బొమ్మ వదిలేసి ఇటు తిరిగాడు. తిరిగి, ఎవరూ అడగకుండానే తిమ్మప్పను చూసి చిన్నగా తల ఊపాడు, ఇష్టమే అని చెప్పేయండి అన్నట్టు.

ఇష్టమే అంటే తల్లీ కూతుళ్ళకు ఇల్లొస్తుంది, రత్నమాలకు కంటి నిండా నిద్ర వస్తుంది, తెల్లారి నుంచి ఒక మనిషి తనది కాని కోరికను తనదేనని మోసుకుంటూ గుంటూరులో బతుకుతాడు. కాదంటే తాళం మళ్ళీ పడుతుంది, లచ్చమ్మ సామాను రోడ్డు మీదకొస్తుంది, రత్నమాల భయం అట్లాగే ఉంటుంది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ పిల్ల బస్సులో ఆడిన అబద్ధం దగ్గర నుంచి మొదలుపెట్టి, తండ్రి ముందూ రంగనాథ్ ముందూ ఆ తల్లి తనకొక్కడికే చెప్పుకున్నదంతా బయట పెట్టాలి.

టీ చల్లారుతోంది. ఆ ట్రే పట్టుకుని ఆ హాల్లో నిలబడింది మీరే అయితే, చెప్పండి, ఏమంటారు?